గండు చీమల శనివారం

నకిరేకల్ నుంచి లోపలికి పోయే రోడ్డు మీద, తాటివనం దాటగానే వచ్చే ఊళ్లో అండాలు ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ తొందరగా చెప్పరు. చీమలకు చక్కెర పోసే ఆమె ఇల్లు అంటే చిన్నపిల్లలు కూడా చెయ్యి చాపి చూపిస్తారు. అంతకుముందు ఆమెకు ఇంకో పేరుండేది, కల్లు గీసే జానయ్య పెండ్లాం అని. జానయ్య తాటిచెట్టు మీద నుంచి పడ్డాక ఆ పేరు చెల్లకుండా పోయింది.

అతను పడింది కూడా చీమల వల్లే అంటే నమ్మడం కష్టం గానీ, జానయ్య నోటి నుంచి వచ్చే కథ అదే. తెలంగాణ వచ్చిన మూడో ఏడు, తొలకరి పడి తెరిపి ఇచ్చిన సాయంత్రం. చెట్టు మొదట్లోని కన్నంలోంచి రెక్కల చీమలు బయలుదేరాయి. గండు చీమలు తొలివానల తడి తగలగానే ఇట్లా పెండ్లికి లేస్తాయి. మగవీ, రాణులు కావలసిన ఆడవీ కలిసి గాలిలోకి ఎగురుతాయి. ఆ ఊరేగింపుకు సరిగ్గా అడ్డంగా, చెట్టు కొసన కల్లుకుండ, అదే లొట్టి, దించుతూ జానయ్య ఉన్నాడు. కంట్లో ఒకటి పడింది, ముక్కు మీద రెండు వాలాయి. తల విదిలించాడు. తడిసిన మాను మీద పాదం జారింది, దాంతోపాటు నడుముకూ చెట్టుకూ చుట్టుకున్న మోకుతాడూ జారింది. కింద బండ ఉంది.

"పిలువని పెండ్లికి పోతే గిట్లనే ఉంటది" అని చూడటానికి వచ్చిన వాళ్లకు మంచం మీద నుంచే చెప్పేవాడు. వాళ్లు నవ్వాలో ఏడవాలో తెలియక చెప్పులు చూసుకునేవాళ్లు.

హైదరాబాద్ పెద్ద దవాఖానలో చాలా రోజులు ఉంచుకుని, ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నడుము కింద ప్రాణం లేదు. పంపించేటప్పుడు డాక్టరు అండాలును పక్కకు పిలిచి ఒక్క మాట చెప్పాడు. పాదంలో ఎప్పుడైనా సరే, కొంచెం స్పర్శ తెలిసినా వెంటనే తీసుకురమ్మన్నాడు, అప్పుడు లేపి నిలబెట్టే ప్రయత్నం ఒకటి చేయవచ్చన్నాడు. తెలియకపోతే మాత్రం పుండ్లు పడకుండా చూసుకోవడం తప్ప ఎవరూ చేయగలిగింది లేదన్నాడు. అండాలు మొదటి సగం కొంగున కట్టుకుంది. రెండో సగం దవాఖాన మెట్ల మీదే వదిలేసి వచ్చింది.

అప్పటి నుంచి పొద్దున లేవగానే ఆమె మొదటి పని చీపురు పుల్ల విరిచి మొగుని అరికాలు గీయడం.

"తెలుస్తాందా?"

"లేదే."

"గిప్పుడు?"

"లేదంటిని గదా."

కనీసం మొహమాటానికైనా ఒకరోజు తెలుస్తోంది అనవచ్చు కదా అని ఆమెకు లోపల కోపం వచ్చేది. కానీ జానయ్య అట్లాంటి వాడు కాదు. కల్లులో నీళ్లు కలపని మనిషి అని ఊరంతా అతని గురించి చెప్పుకునేది. గిరాకీ ఎక్కువై లొట్టి అడుగంటినా, "అయిపోయింది, పోండ్రి" అనేవాడే గానీ బిందెడు నీళ్లు గుమ్మరించి అందరికీ సర్దే తెలివి అతనికి లేదు. ఆ తెలివి లేనందుకు పెండ్లాం చేత పాతికేళ్లుగా తిట్లు తింటూనే ఉన్నాడు.

మందులతో కానిది మొక్కులతో అవుతుందేమోనని అండాలు అయ్యగారి దగ్గరికి వెళ్లింది. ఆయన వేళ్ల మీద లెక్కలు వేసి శని నడుస్తోందన్నాడు. "శనివారం శనివారం నల్ల చీమలకు చక్కెర, బొంబాయి రవ్వ కలిపి పొయ్యాలె. ఆయన చెయ్యి తాకించి, ఆయన కండ్ల ముందటనే పొయ్యాలె. నీ చేతుల ఒక్క చీమ గూడ సావొద్దు" అన్నాడు.

ఇంటి ముందు వేపచెట్టు, దాని మొదట్లో గండు చీమల పుట్ట. జానయ్య మంచం కూడా గాలికని ఆ వేపచెట్టు కిందే ఉండేది. ఇంకేం, దేవుడే జాగా చూపించాడనుకుంది అండాలు. ప్రతి శనివారం తలస్నానం చేసి, గిన్నెలో చక్కెర, రవ్వ కలిపి, జానయ్య చెయ్యి తాకించి, అతనికి కనబడేటట్టు మంచం కోళ్ల దగ్గర నుంచి చెట్టు మొదలు దాకా ముగ్గు వేసినట్టు పోసేది. చీమలు బారు కట్టి వచ్చి మోసుకుపోయేవి. ఎండ కాసినా వాన కురిసినా ఆమె ఆ పని మానలేదు. వాటిని పోషించింది అనే కన్నా పెంచింది అనడమే నిజం.

వాళ్ల బిడ్డ సుహాసిని నల్లగొండ కాలేజీలో డిగ్రీ చదువుతోంది, సైన్సు. సెలవుకు వచ్చినప్పుడల్లా తండ్రి మంచం పక్కన కూచుని ఆ చీమలనే చూసేది. చూడటానికి అక్కడ వేరే ఏముంది కనుక. ఒకరోజు ఒక చీమను అగ్గిపెట్టెలో పట్టి, భూతద్దం పెట్టి తండ్రికి చూపించింది. ఈ చీమ పేరు కాంపొనోటస్ కంప్రెసస్ అని చెప్పింది.

"గింత చీమకు గంత పేరా" అన్నాడు జానయ్య.

"ఒక్క పేరు గాదు బాపు, రెండు. కాంపొనోటస్ అంటే ఇంటిపేరు అనుకో. గా ఇంటిపేరుతోని లోకంల వెయ్యికి పైన రకాలున్నయి. కంప్రెసస్ అంటే మన వేపచెట్టు కిందిది. గీ ఇంటిపేరోళ్లను ఇంగ్లీషుల వడ్రంగి చీమలంటరు."

"మనింట్ల ఏ తలుపు చేసినయే?"

"చెక్క తొలిచి అండ్ల ఇల్లు కట్టుకుంటయని ఆ పేరు వచ్చింది. తొలుస్తయి గని తినయి. తినేటియి చెదలు. మనయి గా పని గూడ చెయ్యయి, మట్టిల్నే ఉంటయి."

జానయ్యకు ఇది బాగా నచ్చింది. ఆ ఊళ్లో వడ్ల అని వడ్రంగుల ఇంటిపేరున్న వాళ్లు హైదరాబాద్‌లో ఆటోలు నడుపుతున్నారు, కల్లు గీసే గౌండ్ల వాళ్లు షాద్‌నగర్ కంపెనీల్లో డ్యూటీలు చేస్తున్నారు. చీమల్లో కూడా కులం ఒకటి, పని ఒకటి అయిందన్నమాట అని చాలాసేపు నవ్వుకున్నాడు.

సుహాసినికి ఉత్సాహం వచ్చింది. తేనెటీగలు, కందిరీగలు, చీమలు దగ్గరి చుట్టాలని, అవన్నీ ఒకే పెద్ద తెగ అని చెప్పింది. ఆ తెగలో చీమలన్నీ ఒక కుటుంబం. అందులో ఈ చీమల శాఖకు కొండి ఉండదు. పొట్ట కొసన చుట్టూ వెంట్రుకలున్న చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి పులుపు నీరు చిమ్ముతాయి. నోటితో కొరికి, ఆ గాటులో దాన్ని చిమ్మితే మంట. నడుములో ఒక్కటే బుడిపె, వీపు ఎక్కడా నొక్కు లేకుండా విల్లులాగా వంగి ఉంటుంది. ఈ జాతి చీమను గుర్తుపట్టే ఆనవాళ్లలో అవి ముఖ్యమైనవి. పెద్ద తలవీ చిన్న తలవీ వేరు వేరు జాతులు కావు, ఒక తల్లి పిల్లలే. పెద్ద తలవి కాపలాకూ, గట్టివి కొరకడానికీ. చిన్నవి తిండి తేవడానికీ, పిల్లలను సాకడానికీ.

"పనికి పోయేటియన్నీ ఆడయే అమ్మా. మొగయి పెండ్లికి తప్ప దేనికీ రావు. పెండ్లి అయినంక సచ్చిపోతయి."

"మా పత్తి చేను తీరే" అంది అండాలు గిన్నెలు తోముతూ.

పెండ్లయిన రాణి సంగతి కూడా చెప్పింది. నేల మీద వాలి, తన రెక్కలు తనే తుంచేసుకుంటుంది. మట్టిలో చిన్న గది తవ్వుకుని, లోపలి నుంచి మూసుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎదిగి బయటికి పోయి మేత తెచ్చేదాకా మెతుకు ముట్టదు. రెక్కలను ఆడించిన కండనే కరిగించుకుని వాటిని సాకుతుంది. అండాలు తోమడం ఆపి విన్నది. మళ్లీ బూడిద అందుకుంది.

ఇంతలో ఊళ్లో ఇంకో మాట లేచింది. జానయ్య మూత్రం సంచి కారిన చోటల్లా గండు చీమలు మూగుతున్నాయి. మూత్రానికి చీమలు పట్టాయంటే చక్కెర వ్యాధే అని తేల్చేశారు. ఉన్న కష్టం చాలదా అని అండాలు తల పట్టుకుంది. ఆశ కార్యకర్త స్వరూప వచ్చి వేలు గుచ్చి రక్తం చూసింది. చక్కెర లేదు. మర్నాడు పరగడుపున మళ్లీ చూసినా లేదు.

"యూరియా కోసం వస్తయి" అంది సుహాసిని ఫోన్లో. "గీ చీమల కడుపుల కంటికి కనవడని సూక్ష్మజీవి ఒకటి ఉంటది. యూరియాను అది చీమకు బలంగ మారుస్తది. చక్కెర ఉన్నా లేకున్నా గవి వస్తయి."

"మీ బాపు కడుపుల యూరియా ఎట్ల వచ్చె?"

"అందరి మూత్రంల ఉంటది అమ్మా."

పక్క నుంచి వింటున్న జానయ్య, "యూరియా కోసం మనోళ్లు సొసైటీ ముందట చెప్పులు లైన్ల పెడుతున్నరు. నన్ను తీస్కపోయి చేన్ల పండవెట్టుండ్రి" అన్నాడు. ఫోన్లో కూతురూ ఇక్కడ తల్లీ కలిసి నవ్వారు. ఆ ఇంట్లో మనస్ఫూర్తిగా నవ్విన నవ్వుల్లో అది ఆఖరిది.

పత్తి తీత మొదలైంది. అండాలు పొద్దున మొగునికి తినిపించి, నీళ్ల సీసా చేతికందేటట్టు పెట్టి చేనుకు పోయేది. చేలో పత్తి ఆకుల అడుగున పేనుబంక, ఆ పేనుబంక చుట్టూ ఇవే గండు చీమలు. గొల్లవాళ్లు గొర్లను కాసినట్టు ఆ పురుగులను కాస్తూ, వాటి ఒంట్లోంచి కారే తీపి నీళ్లు తాగుతున్నాయి. చీమను చంపకూడదు కనుక అండాలు ఆకులను మెల్లగా పక్కకు తప్పిస్తూ పత్తి తీసేది. పక్క సాళ్లలో తీసే ఆడవాళ్లు ఆమె కన్నా ముందుకు సాగిపోయేవాళ్లు.

ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి జానయ్య హుషారుగా ఉన్నాడు. తాటివనంలో కొత్తగా గీస్తున్న వాని గురించి, వాడు చెట్టెక్కే వరస గురించి ఏదో చెబుతున్నాడు. అండాలు వింటూ కాళ్ల మీది దుప్పటి తీసింది. కుడి మడమ నల్లగా ఉంది. మొదట మసి అనుకుంది. ఆ మసి కదిలింది.

అంతకుముందు మంచానికి ఒరుసుకుని చిన్న ఒరుపుడు పుండు ఉండేది మడమకు. దాని చుట్టూ చీమలు గుంపు కట్టి ఉన్నాయి. పెద్ద తలవి చర్మాన్ని పట్టుకుని ఉన్నాయి, కొన్ని చిన్నవి అప్పటికే తిరుగుదారి పట్టి మంచం కోడు దిగిపోతున్నాయి. లోపల ఎర్రగా మాంసం కనబడుతోంది. జానయ్య ఇంకా కొత్త గీతగాని గురించే చెబుతున్నాడు.

"ఏందే, సప్పుడు చెయ్యవు?" అన్నాడు.

మడమను కొరుక్కుతింటుంటే ఒక మనిషి నవ్వుతూ కబుర్లు చెప్పడం ఆమె కంటితో చూసింది. చేత్తో నలిపి పారేయాలనిపించింది. ఒక్క చీమ సావొద్దు అన్న మాట గుర్తొచ్చింది. ఒక్కొక్కదాన్ని గోళ్లతో పట్టి, తెగిపోకుండా విడదీసి, చెట్టు మొదట్లో వదిలింది. అప్పుడు మాత్రం ఏడ్చింది, మొగునికి కనబడకుండా కాళ్ల వైపు కూచుని.

స్వరూప రోజూ వచ్చి కట్టు కట్టింది. మంచం నాలుగు కోళ్లూ నీళ్లు పోసిన డబ్బాల్లో పెట్టారు. చీమలు వేలాడే దుప్పటి అంచు పట్టుకుని ఎక్కాయి. దుప్పటి దోపితే వేపకొమ్మ మీద నుంచి రాలాయి. మంచం ఇంట్లోకి మార్చారు. ఆ ఇంటికి ఉన్నది ఒక్క గది, గడపకు సందులున్నాయి.

సెలవుకు వచ్చిన సుహాసిని గాయం చూసి కూలబడింది. తర్వాత తల్లి మీద విరుచుకుపడింది. "శనివారం శనివారం నువ్వే మంచం దాంక తొవ్వ వేసినవ్ అమ్మా. ఒక్కటి తిండి చూసిందంటే పుట్టకు పోయి ఇంకోదాన్ని వెంటవెట్టుకొని వస్తది. కడుపుల నుంచి వాసన గీత గీసుకుంట తొవ్వ వెడతయి. నువ్వు తినవెట్టినవ్, గవి మంది అయినయి."

"ఆపితే మీ బాపుకు ఏమన్న అయితే?"

"ఆపకపోతే అయితాంది గదా?"

ఇద్దరి మాటా నిజమే, అదే వచ్చిన చిక్కు. అండాలు చక్కెర పోయడం ఆపలేదు, మంచానికి దూరంగా వాకిలి అవతల పోయసాగింది. చీమలు అక్కడికీ పోయాయి, ఇక్కడికీ వచ్చాయి. గాయం మానుతున్నట్టే ఉండి మళ్లీ తెరుచుకునేది. నమ్మి చేసిన పని మొగుని కాలిని తినిపించిందని తెలిశాక కూడా, దాన్ని మానేసే ధైర్యం లేని తన బతుకు మీద ఆమెకు రోత పుట్టింది.

చివరికి సుహాసిని తేల్చి చెప్పింది. "నేను కాలేజీ బంద్ వెడుత. నువ్వు పత్తికి పోతే బాపును చూసేటోళ్లు లేరు. ఇగ పోను."

అండాలు వద్దనలేకపోయింది. వద్దంటే ఎవరు చూస్తారు? మూసుకున్న గదిలో తల్లి తన కండతో సాకిన పిల్ల బయటికి పోయి మేత తేవాలి గానీ, మళ్లీ అదే గదిలోకి వచ్చి కూచోకూడదు. అంత తెలిసీ పొయ్యి దగ్గర ముడుచుకుంది.

ఆ పొద్దుగూకే వేళ జానయ్య మంచం మీద నుంచి పిలిచాడు.

"అండాలూ, గీడికి రా జర. కుడికాలు కాడ ఏందో చురుక్కుమన్నట్టు ఉన్నది."

తల్లీ కూతుళ్లు పరుగెత్తారు. దుప్పటి తీస్తే నిజంగానే ఒక గండు చీమ అరికాలు అంచున ఉంది. సుహాసిని దాన్ని తీసేసింది. పాతికేళ్లలో అబద్ధం ఆడని మనిషి చెబుతున్నాడు, చురుక్కుమందని. పక్కింటి వాళ్లు వచ్చారు. స్వరూప వచ్చి, డాక్టరుకు చూపించమంది. శనివారాలు ఫలించాయని ఎవరో అన్నారు. అండాలు ఆ రాత్రి అన్నం వండింది గానీ తినడం మరిచిపోయింది.

"నేను లేశి తిరిగేటోన్ని. నువ్వెందుకు సదువు ఇడువాలె? పో, పరీక్షలు రాయి" అన్నాడు జానయ్య కూతురుతో. ఆ పిల్ల రెండు మనసులతో బ్యాగు సర్దుకుంది. బస్సు ఎక్కే ముందు తల్లికి జాగ్రత్తగా నేర్పింది. డాక్టరు దగ్గరికి పోయే ముందు సరిగ్గా చూడాలి, బాపు కండ్లు తువాలతో కప్పాలి, చీమను ఒకసారి పాదం మీద పెట్టాలి, ఒకసారి పెట్టకూడదు, ఎప్పుడు పెట్టేదీ ఆయనకు తెలియకూడదు. చూసి ఫోన్ చెయ్యి అని మరీ మరీ చెప్పింది.

శనివారం పొద్దున అండాలు తలస్నానం చేసి చక్కెర, రవ్వ పోసింది. చీమలు చేరాక వాటిలో పెద్ద తలదాన్ని ఒకదాన్ని నడుము దగ్గర పట్టుకుని లోపలికి వచ్చింది. జానయ్య కళ్ల మీద తువాలు కప్పింది. కాళ్ల దగ్గర కూచుంది.

"సక్కగ చెప్పాలె. ఊకెనే చెప్పొద్దు."

"చెప్త తియ్యి."

ముందు పెట్టకుండా చూద్దామనుకుంది. చెయ్యి పాదానికి మూరెడు ఎడంలో ఆపింది. చీమ వేళ్ల మధ్య మెలికలు తిరిగి, తల వెనక్కు తిప్పి, ఆమె చూపుడు వేలిని కరిచిపట్టుకుంది. చుర్రుమంది. ఆమె పళ్లు బిగించినా ఊపిరి స్స్ అని లోపలికి పోయింది.

"ఆ, కుట్టిందే" అన్నాడు జానయ్య తువాలు కింద నుంచి.

అండాలు కుడి పాదం వంక చూసింది, ఎడమ పాదం వంక చూసింది. రెండింటి మీదా ఏమీ లేదు. కట్టు కట్టిన మడమ, వాడిపోయిన వేళ్లు, అంతే.

"ఎట్లున్నది?" అంది మెల్లగా.

"నొస్తాంది. మంచిగనే నొస్తాంది. మొన్నటిలెక్కనే." తువాలు కింద అతని పెదవులు నవ్వుతున్నాయి. కల్లులో నీళ్లు కలపడం చేతకానివాడు ఈ ఒక్క పని ఎంత కష్టపడి చేస్తున్నాడో ఆమెకు కనబడింది. మొన్న చీమ తన కుడికాలి వైపు దుప్పటి కిందికి దూరడం అతను కళ్లతో చూసి ఉంటాడు. బిడ్డ కాలేజీ మానేస్తానన్న మాట విని ఉంటాడు. ఇవాళ ఆమె ఊపిరి విన్నాడు. "బిడ్డకు ఫోన్ చెయ్యి అండాలూ. తెలిసిందని చెప్పు. ఫికర్ లేకుంట సదువుకొమ్మను."

నాకు తెలిసిపోయింది అని ఆమె అనగలిగితే బాగుండేది. అంటే అతను ఆ తువాలు తీసి ఆమె ముఖం చూడాలి. సాయంత్రానికి బిడ్డ బ్యాగుతో వాకిట్లో నిలబడాలి. అనకపోతే వచ్చే వారం అతన్ని ఎత్తుకుని హైదరాబాద్ పోవాలి, డాక్టరు సూదితో గుచ్చుతూ ఉంటే ఇద్దరూ గోడ చూస్తూ నిలబడాలి. ఎటు తిరిగినా ఆమె చేతిలో ఏమీ లేదు. ఎడమ చేత్తో ఫోన్ తీసి కూతురి నంబరు నొక్కింది. మొదటి గంటకే సుహాసిని ఎత్తింది.

"తెలిసింది బిడ్డా" అంది అండాలు.

అవతల ఆ పిల్ల ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "ఏ కాలు మీద పెట్టినవ్ అమ్మా?" అని అడిగింది.

"కుడికాలు."

గండు చీమ ఇంకా ఆమె వేలిని వదల్లేదు. లాగితే తల తెగి చస్తుంది, అదీ శనివారం పూట. అండాలు దాన్ని లాగకుండా, అది తనంతట తాను వదిలేదాకా చెయ్యి చాపుకుని మంచం పక్కన అట్లాగే కూచుంది.